సగం పిల్లలు ఎవరూ పుట్టరు

గత సంచికలో మన పిల్లల గురించీ, మన సంస్కృతి గురించీ వ్యాసం రాసిన పెద్దమనిషికి నమస్కారం. వారి ఆవేదన నిజమైనదే. దాన్ని నేను వెక్కిరించబోవడం లేదు. కాని ఆ వ్యాసం మధ్యలో ఒక మాట ఉంది: వేరే జాతివారిని పెళ్ళాడిన వారి సంతానం రెంటికీ చెడ్డ రేవడి అవుతోందట, అటు వారూ కాక, ఇటు మనవారూ కాక, సగం సగంగా మిగిలిపోతోందట. మన సంఘంలో అలాంటి సంసారాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. అందులో మాదొకటి. పేరు పెట్టకపోయినా అన్నది మమ్మల్నే. కనుక జవాబు చెప్పక తప్పదు.

నేను తెలుగుదాన్ని. మాది గుంటూరు. ఆసుపత్రిలో మందుల విభాగంలో పనిచేస్తాను. మా ఆయన అమెరికా నల్లజాతివారు, హైస్కూల్లో లెక్కలు చెబుతారు. మా అత్తగారు అలబామాలో పుట్టి, మోటారు కార్ల ఫ్యాక్టరీలో పని వెతుక్కుంటూ వచ్చిన తల్లిదండ్రుల వెంట చిన్నతనంలోనే డిట్రాయిట్ చేరారు. మాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి ఆరు.

మా ఇంట్లో ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు. రానివారికి తెలిసే వీలూ లేదు. అంచేత నాలుగు ముక్కలు చెబుతాను. పొద్దున్న ఏడింటికి మా ఇంట్లో జరిగే యుద్ధం మీ ఇంట్లో జరిగేదే: తాగని పాలు, దొరకని మేజోడు, వీధి చివరికి వచ్చేసిన బడి బస్సు. నేను తెలుగులో కేకలు వేస్తాను, ఆయన ఇంగ్లీషులో వేస్తారు, పిల్లలు రెండు భాషల్లోనూ వినిపించుకోరు. మధ్యాహ్నం డబ్బాలో ఒకనాడు పులిహోర, ఒకనాడు శాండ్‌విచ్. శనివారం నాతో గుడికి వస్తారు, ఆదివారం నాన్నమ్మతో చర్చికి వెడతారు. మా అత్తగారు కాలర్డ్ అనే ఆకుకూరను గంటలకొద్దీ ఉడకబెట్టి వండుతారు. దాంట్లో నేను గోంగూర పచ్చడి నంజుకుంటే ఆవిడ మొదట్లో వింతగా చూశారు. ఇప్పుడు వచ్చినప్పుడల్లా ఒక సీసా పట్టుకుపోతున్నారు.

మా ఇంట్లో ప్రత్యేకంగా ఉన్న పని ఏదైనా ఉంటే అది జుట్టు. పెద్దదాని జుట్టు నాలాగే అలలు అలలుగా జారుతుంది. చిన్నదానిది వాళ్ళ నాన్నమ్మ జుట్టు. ఒత్తుగా, సన్నని స్ప్రింగుల్లా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు దువ్వితే తెగిపోతుంది. తడిపి, కండిషనర్ పట్టించి, పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. పాయలు తీసి, తలను అంటిపెట్టుకునేలా సన్నజడలు అల్లాలి. నూలు గలీబు జుట్టులోని తేమను పీల్చేస్తుంది కనుక రాత్రి తలకి శాటిన్ గుడ్డ చుట్టాలి. ఆదివారం మధ్యాహ్నం రెండు మూడు గంటల పని అది. నాకు నేర్పింది మా అత్తగారు. మా అమ్మ కుంకుడుకాయ రసంతో తలంటి, సాంబ్రాణి పొగ వేసి, చిక్కు తీసి జడలు అల్లేటప్పుడు చేసిందీ ఇదే పని. ఒక ఆడపిల్ల తలను ఒళ్ళోకి తీసుకుని ఒక పెద్దావిడ ఓపికగా కూర్చోవడం. ఇందులో చెడ్డది ఏది, రెండు ఏవి?

మరి మా పిల్లలకి ఎన్నడూ కష్టం కలగలేదా అంటే కలిగింది. ఎక్కడ కలిగిందో వినండి.

బడిలో అడుగుతారు, "నువ్వేమిటి?" అని. "మా అమ్మది ఇండియా, మా నాన్నది డిట్రాయిట్" అని చెప్పి పెద్దది ఆటకి పోతుంది. అక్కడితో సరి. మన సంబరాల్లో భోజనాల బల్ల దగ్గర మాత్రం అక్కడితో సరిపోదు. "అయ్యో, పెద్దదానికి నీ రంగే వచ్చింది, చిన్నదానికి రాలేదే!" "ఆ జుట్టుకి ఏదైనా చేయించకూడదుటే?" "రేపు దీనికి పెళ్ళెట్లా చేస్తావమ్మా?" ఆరేళ్ళ పిల్ల పక్కనే నిలబడి గారె తింటూ ఉండగా అన్న మాటలివి. పిల్లకి తెలుగు రాదన్న ధైర్యంతో అన్నారు. పిల్లకి తెలుగు వచ్చు. అదే వచ్చిన చిక్కు.

"మీ ఆయన ఎవరు?" అని మొదటిసారి కలిసినవారు అడిగినప్పుడు ఆ గొంతు నాకు కొత్తగా వినిపించదు. మన ఊళ్ళలో "మీరేమిట్లు?" అని అడిగే గొంతే అది. కులం పేరు వినేదాకా ఎదుటి మనిషిని ఏ పీటమీద కూర్చోబెట్టాలో తేల్చుకోలేని పాత అలవాటు ఓడరేవుల్లోనూ, విమానాశ్రయాల్లోనూ ఎవరూ పన్ను వేయకుండా మనతో పాటు వచ్చేసింది. ఇక్కడ దానికి రంగు అని పేరు పెట్టుకున్నాం, అంతే.

మొన్న ఉగాదికి చిన్నపిల్లల కోలాటం వేశారు. పన్నెండు మంది పిల్లలు. పదకొండు మందికి పట్టు పరికిణీ, సవరం పెట్టి అల్లిన పొడుగు జడ, జడకుచ్చులు. మా చిన్నదానికి నెమలి వేషం, తలంతా కప్పేసే ముసుగు. ఎందుకంటే "దాని జుట్టుకి సవరం నిలవదు, చూడ్డానికి కలవదు" అన్నారు. పిల్ల సంతోషంగానే ఎగిరింది. ఇంటికి వచ్చాక అద్దం ముందు నిలబడి, "అమ్మా, కోలాటంలో నెమలి ఎందుకుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. సంఘం దగ్గర ఉందా?

సవరం అంటే ఏమిటమ్మా? ఇంకొకరి జుట్టు. మన వేదికమీద కూచిపూడి ఆడే పిల్లలందరికీ మోకాళ్ళదాకా వేలాడే జడ సొంతమా? పెట్టుడు జుట్టు అందరికీ పెట్టుడు జుట్టే. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కట్టి జడ ముందుకు వేసుకుంటే దేశమంతా ముగ్ధమైంది, 1970లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. మగవాడు సవరం కట్టి భామ అయితే చేతులెత్తి మొక్కిన జాతికి, ఆరేళ్ళ ఆడపిల్ల తలమీద సవరం కలవదని తోచిందా? మా అత్తగారిని అడిగి ఉంటే పది నిమిషాల్లో ఎవరూ కనిపెట్టలేనట్టు అల్లి ఉండేవారు. నల్లజాతి స్త్రీలు పెట్టుడు జుట్టు కలిపి అల్లడంలో సిద్ధహస్తులు. అడగలేదు. అడగడానికి ఆవిడను ఎన్నడూ పిలవనూ లేదు. మా ఇంటికి వచ్చే ఆహ్వానపత్రం మీద నా పేరు ఒక్కటే ఉంటుంది.

నల్లవారి జుట్టు తీరును బట్టి బడిలోనూ, ఉద్యోగంలోనూ వివక్ష చూపరాదని 2019లో కాలిఫోర్నియా మొదటగా చట్టం చేసింది. మన మిషిగన్ 2023లో చేసింది. ఒక రాష్ట్ర ప్రభుత్వానికి అర్థమైన సంగతి మన సాంస్కృతిక విభాగానికి అర్థం కాలేదు.

ఇక రంగు. మన దేవుళ్ళలో కృష్ణుడు నలుపు. రాముడు నీలమేఘశ్యాముడు. ద్రౌపదికి కృష్ణ అనే పేరే ఉంది. "నలుపు నారాయణ మెచ్చు" అని సామెత కూడా పెట్టుకున్నాం. నారాయణుడు మెచ్చాడు గాని మనం మెచ్చలేదు. వేదికమీద కృష్ణుడి వేషానికి అందరిలోకీ తెల్లని పిల్లవాణ్ణి వెతికి నీలిరంగు పూస్తాం! 1975లో బజారులోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ గొట్టం మన ఇళ్ళలో ఎన్ని అద్దాల ముందు ఉండేదో మన తరం ఆడవాళ్ళకి చెప్పనక్కర్లేదు. 2020లో దాని పేరులోంచి ఆ "ఫెయిర్" అన్న మాట తీసేశారు. మన నోళ్ళలోంచి ఇంకా పోలేదు. 2013 సెప్టెంబరులో మన తెలుగు అమ్మాయి నీనా దావులూరి మిస్ అమెరికా అయినప్పుడు ఇక్కడ కొందరు జాతివిద్వేషంతో కూతలు కూశారు, మనకి కోపం వచ్చింది. అదే సమయంలో, ఆ రంగుతో ఇండియాలో అయితే గెలిచేదే కాదని మనవాళ్ళే చెప్పుకున్నారు. అప్పుడు ఎవరికీ కోపం రాలేదు.

వేరే జాతివారితో పెళ్ళి అంటేనే మనకి గిట్టదా అంటే అదీ కాదు. 2024 నవంబరులో జె.డి. వాన్స్ ఉపాధ్యక్షుడిగా ఎన్నికైతే, ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరంటూ వడ్లూరు దాకా సంబరపడ్డాం. "తెలుగింటి అల్లుడు" అని పత్రికలు రాశాయి. రాజకీయాలు నాకు అనవసరం. ఎవరి ఓటు వారిది. నేను అడిగేది ఒక్కటే. ఆ దంపతుల పిల్లల్ని "రెంటికీ చెడ్డ రేవడి" అని మన సంఘంలో ఎవరైనా అనగా విన్నారా? నేను వినలేదు. అల్లుడు తెల్లవాడై పెద్ద పదవిలో ఉంటే ఇంటి అల్లుడు. నల్లవాడై బళ్ళో లెక్కలు చెబితే "మీ ఆయన ఎవరు?" కనుక మీకు బాధ సంస్కృతి కలుషితమవుతుందని కాదు. ఆ మాట ముందు ఒప్పుకుంటే తరవాత మాట్లాడుకోవచ్చు.

మనం ఈ దేశంలోకి ఎట్లా వచ్చామో కూడా గుర్తు చేసుకుందాం. 1923లో భగత్ సింగ్ థింద్ దావాలో ఇక్కడి సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవారు కారు, పౌరసత్వానికి అర్హులు కారు అని తీర్పు చెప్పింది. 1946 దాకా ఆ తలుపు మూసే ఉంది. ఆ తరవాత కూడా ఏడాదికి వందమందికే ప్రవేశం. డాక్టర్లూ, ఇంజనీర్లూ అయిన మనవాళ్ళు గుంపులుగా రాగలిగింది 1965 వలస చట్టం వల్ల. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం తెచ్చిన గాలే ఆ వలస చట్టాన్నీ తెచ్చింది. ఆ గాలి దానంతట అది వీచలేదు. మా అత్తగారి వంటివారి తల్లిదండ్రులు, అన్నదమ్ములు వీధుల్లో నడిచి, దెబ్బలు తిని, జైళ్ళకి వెళ్ళి తెచ్చారు. వాళ్ళు తెరిచిన తలుపులోంచి లోపలికి వచ్చి, వాళ్ళ మనవరాలిని మన వాకిట్లో నిలబెట్టి "ఎవరి పిల్లవు?" అని అడుగుతున్నాం.

మాలాంటి పెళ్ళికి కూడా వారే దారి వేశారు. 1958లో వర్జీనియాలో రిచర్డ్ లవింగ్ అనే తెల్లవాడూ, మిల్డ్రెడ్ అనే నల్లపిల్లా పెళ్ళి చేసుకున్న నేరానికి అరెస్టయ్యారు. పాతికేళ్ళపాటు ఇద్దరూ కలిసి ఆ రాష్ట్రంలో అడుగుపెట్టకూడదన్న షరతు మీద జైలుశిక్ష ఆపారు. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ చట్టాలను కొట్టేసేనాటికి ఇంకా 16 రాష్ట్రాల్లో అలాంటివి ఉన్నాయి. అలబామా తన రాజ్యాంగంలోంచి ఆ నిషేధాన్ని చెరిపేసింది 2000లో. అప్పుడు కూడా నూటికి నలభై మంది ఉండనివ్వమనే ఓటు వేశారు. మా అత్తగారు పుట్టిన రాష్ట్రం అది. అయినా ఆవిడ నన్ను చూసిన మొదటిరోజు "నీకు కారం ఎంత కావాలమ్మా?" అని తప్ప ఇంకేమీ అడగలేదు.

పిల్లని ఏదో ఒక వైపుకి నెట్టెయ్యాలనుకునే వారికి హైదరాబాదు కథ ఒకటి చెబుతాను. కోఠీలో మహిళా కళాశాలగా పేరుపడ్డ ఆ పెద్ద భవనం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ. దాన్ని కట్టించిన కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు ఖైరున్నీసా అనే హైదరాబాదు ఉన్నత కుటుంబపు అమ్మాయిని పెళ్ళాడాడు. వారికి ఒక కొడుకు, 1802లో పుట్టిన ఒక కూతురు. 1805లో ఇద్దరినీ ఇంగ్లండు పంపేశాడు. సాహెబ్ బేగం అక్కడ కేథరిన్ అయింది. తల్లి మళ్ళీ ఆ పిల్లలను చూడలేదు, 1813లో చనిపోయింది. ఆ కూతురు పెద్దదై, పెళ్ళాడి, నలభైకి దగ్గరపడ్డాక హైదరాబాదులో ఇంకా బతికి ఉన్న అమ్మమ్మతో ఉత్తరాలు నడిపింది. సగం చెరిపేస్తే పిల్ల మొత్తమవుతుందని అనుకున్నారు ఆనాటివారు. ఆ పిల్ల జీవితమంతా ఆ చెరిపేసిన సగం కోసం వెతుక్కుంది.

ఇంకో తల్లి ఇంకో దారి పట్టింది. 1958లో పందొమ్మిదేళ్ళ వయసులో బర్క్‌లీకి చదువుకోడానికి వచ్చిన శ్యామలా గోపాలన్ ఒక జమైకావాసిని పెళ్ళాడి, తరవాత విడిపోయి, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. ఈ దేశం తన బిడ్డల్ని నల్లపిల్లలుగానే చూస్తుందని గ్రహించి, ఆ గర్వం ఉండేలా పెంచిందని పెద్దకూతురు కమలా హారిస్ తన పుస్తకంలో రాసుకుంది. దానివల్ల ఆ పిల్లలకి మద్రాసు తాతగారు దూరం కాలేదు. రెండు ఇళ్ళు ఉన్నాయంటే రెండుచోట్లా భోజనం దొరుకుతుందని అర్థం, రెండుచోట్లా పస్తు అని కాదు.

వ్యాసకర్త అన్నవాటిలో ఒకటి మాత్రం గట్టిది. తెలుగు పోతోంది అన్నారు. పోతోంది. కాని ఎవరింట్లో? తల్లీ తండ్రీ ఇద్దరూ తెలుగువాళ్ళయిన ఇళ్ళకి వెళ్ళి చూడండి. పెద్దవాళ్ళు తెలుగులో అడుగుతారు, పిల్లలు ఇంగ్లీషులో చెబుతారు. భాష రక్తంలో రాదు, నోట్లో వస్తుంది. తెలుగు నిఘంటువు కూర్చిన బ్రౌను దొర ఏ గోత్రం? మా పెద్దది గుణింతాలు రాస్తుంది. మా ఆయనకి "అన్నం పెట్టు", "ఇటు రా", "చాల్లే" వచ్చు. సంసారానికి సగం పైన ఆ మూడు మాటలతో గడిచిపోతుంది.

రెండో శంక: ఈ పిల్లలు ఈ దేశంలో కష్టాలు పడతారు అని. పడతారు. మా చిన్నది పదహారేళ్ళకి కారు నడపడం మొదలుపెడితే, పోలీసువాడు ఆపినప్పుడు చేతులు ఎక్కడ కనబడేలా పెట్టాలో మేము నేర్పాలి. మీ పిల్లలకి నేర్పనక్కర్లేదని అనుకోవచ్చు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతలో మన శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చినవాడు, ఆయన చామనచాయా, తెలుపా అని చూడలేదు. ఈ దేశం విడిచి పొమ్మని అరిచి కాల్చాడు. కష్టాలు పడబోయే పిల్ల చుట్టూ మనుషులు ఎక్కువగా ఉండాలా, తక్కువగా ఉండాలా? కష్టం వస్తుందని చెప్పి ముందే వెలివేసేవారిని ఏ భాషలో హితైషులంటారు?

ఈ దేశపు జనాభా లెక్కల పత్రంలో కూడా 2000 దాకా ఒక్క జాతికే గుర్తు పెట్టాలనేవారు. ఆ ఏడాది నుంచి ఎన్నిటికైనా పెట్టవచ్చు. 2020లో 3 కోట్ల 38 లక్షలమంది ఒకటికి మించి గుర్తు పెట్టారు, అంటే దేశంలో పదిమందికి ఒకరు. ఆ పత్రంలో ఎక్కడా "సగం" అన్న గడి లేదు. మా పిల్లలు మొత్తం నల్లపిల్లలు, మొత్తం తెలుగుపిల్లలు. ఈ లెక్క కుదరదంటే మా ఆయన దగ్గరికి పంపండి, ఆయన ఉద్యోగమే అది.

మాటలతో సరిపెట్టదలచుకోలేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో నాలుగు తీర్మానాలు పెడుతున్నాను. ఒకటి: సంఘం కార్యక్రమాల్లో పిల్లల ఎదుట వారి రంగు, జుట్టు గురించి ఎవరూ వ్యాఖ్యానించరాదు, అంటే పక్కనున్న పెద్దలు అక్కడికక్కడే ఆపాలి. రెండు: వేషాలు సాధనకి వచ్చినదాన్ని బట్టి ఇవ్వాలి, ఏ పిల్ల జుట్టుకి ఏం కావాలో ఆ పిల్ల ఇంటివారిని అడగాలి. మూడు: ఆహ్వానపత్రాల మీద దంపతులిద్దరి పేర్లూ ఉండాలి, ఇంట్లోని పెద్దలనూ పిలవాలి. నాలుగు: శనివారం తెలుగు బడిలో తెలుగేతర భార్యలకీ, భర్తలకీ, అత్తమామలకీ ఒక తరగతి పెట్టాలి. మొదటి విద్యార్థినిగా మా అత్తగారు అప్పుడే పలక కొనమన్నారు.

ఒప్పుకున్నవారు చెయ్యి ఎత్తండి. ఒప్పుకోనివారు లేచి నిలబడి కారణం చెప్పండి. తెలుగులోనే చెప్పండి. మా పిల్లలిద్దరూ ముందు వరసలో కూర్చుంటారు. వారికి అర్థమవుతుంది.